పికప్ తొట్టిలో సొరుగు, పైన పడక: కొలతల నుంచి బిగింపు దాకా

పెంచలకోన బ్రహ్మోత్సవాలకో, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కో అంగడి పెట్టుకునేవాళ్ళు రాత్రిళ్ళు బండి దగ్గరే పడుకోవాలి. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్కుకి అర్ధరాత్రి ఫోన్ వస్తే, తెల్లారేదాకా ఆ గట్టు మీదే ఉండాల్సి వస్తుంది. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లకు ముందు రోజు రాత్రే చేరుకునే పికప్‌లు కొన్ని. సామాను మీద టార్పాలిన్ పరిచి దానిమీద నడుం వాల్చడం మామూలుగా జరిగేదే. కాస్త ఇనుము, రెండు ప్లైవుడ్ షీట్లు ఉంటే అంతకంటే చాలా మేలైన ఏర్పాటు అవుతుంది.

ఈ పని చేయించేవాళ్ళు చాలామంది పడకతో మొదలుపెట్టి, కింద మిగిలిన చోటులో సామాను సర్దుతారు. లెక్క అక్కడే తప్పుతుంది. బండి బ్రేకు గట్టిగా పడితే సామాను తన బరువులో దాదాపు 80 శాతం బలంతో ముందుకు తోసుకొస్తుంది. 100 కేజీల పనిముట్ల పెట్టె 80 కేజీల తోపుతో క్యాబిన్ వెనక రేకు మీద పడుతుంది. కాబట్టి ఫ్రేము మొదటి పని సామానును పట్టి ఉంచడం. పడక ఆ ఫ్రేముకి పైకప్పు. ఈ వరుసలో ఆలోచిస్తే కొలతలన్నీ వాటంతటవే కుదురుతాయి.

ముందు కాగితం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకే ఇక్కడ చెప్పే ఫ్రేము మొత్తం విడిగా తయారై, తొట్టిలో నాలుగు బోల్టులతో కూర్చుంటుంది. ఫిట్‌నెస్‌కి వెళ్ళే రోజు నట్లు విప్పి, ఇద్దరు మనుషులు దించేయగలగాలి. తొట్టిని కోయడం, పక్క డోర్లకు వెల్డింగ్ చేయడం, ఛాసిస్‌కి రంధ్రం వేయడం ఇందులో లేవు. బండి నడుస్తుండగా తొట్టిలో మనిషి పడుకోకూడదు. ఇది నిలిపిన బండిలో పడక మాత్రమే. తొట్టి అంచు దాటి ఏ ముక్కా బయటికి రాకూడదు.

బరువు కూడా చూడాలి. ఇక్కడి ఏర్పాటు మొత్తం 85 నుంచి 90 కేజీలు తూగుతుంది. పికప్‌కి ఇది పెద్ద లెక్కలోది కాదు. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోయగలిగేది ముప్పావు టన్ను, అందులో ఎనిమిదో వంతు దీనికే పోతుంది. ఏస్‌లో కట్టించేవాళ్ళు సొరుగు మానేసి, ట్రేల పద్ధతి (కింద ఉంది) పట్టుకుంటే తెలివైన పని.

కొలవడం

షెడ్డులో అంగుళాలు, సూతుల్లో (అంగుళంలో ఎనిమిదో వంతు) మాట్లాడతారు. స్క్వేర్ పైపు, ప్లైవుడ్ మి.మీ.లో అమ్ముతారు. రెండూ కలిపితే ఎక్కడో ఒక సూతు తేడా వచ్చి సొరుగు ఇరుక్కుంటుంది. ఒకే టేపు, ఒకే కొలత పెట్టుకోండి. కింది అంకెలన్నీ మి.మీ.లే.

ఉదాహరణకి తీసుకున్న తొట్టి 2500 పొడవు, 1700 వెడల్పు, పక్క డోరు ఎత్తు 400. మీ బండిది మీరే కొలవండి, కంపెనీ కాగితం మీది అంకె నమ్మొద్దు. వెడల్పు మూడు చోట్ల తీయండి: క్యాబిన్ దగ్గర, నడుమ, వెనక. తర్వాత మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టండి. బరువులు మోసిన పాత తొట్టి పక్కకి వాలి ఉంటుంది, రెండు మూలల కొలతల్లో 10 దాకా తేడా కనిపించడం మామూలే. ఫ్రేముకి తొట్టి గోడకి నడుమ 15 ఖాళీ వదిలితే ఆ వంకర మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు.

అడ్డంగా పడుకోవచ్చు కదా, చోటు కలిసొస్తుంది అనిపిస్తుంది. ఐదడుగుల ఆరంగుళాల మనిషి పొడవు 1676. తొట్టి 1700. తలా, మడమలూ రెండూ రేకుకి తగులుతాయి. పొడుగునా పడుకోవడమే దారి. సరుకు పికప్‌ల నేల చదునుగా ఉంటుంది, చక్రాల ఉబ్బు లోపలికి రాదు. డబుల్ క్యాబిన్ బండ్లలో ఆ ఉబ్బు ఉంటుంది, అక్కడ ఫ్రేము కాళ్ళు దాని ముందూ వెనకా పడేలా జరుపుకోవాలి.

ఇక ఎత్తు. నేల నుంచి పడక చెక్క పైభాగం 400, దానిమీద 75 పరుపు. కూర్చుంటే సగటు మనిషి తల మరో 900 పైకి వెళ్తుంది. అంటే నేల నుంచి టాపు (తొట్టి మీది టార్పాలిన్ గూడు) కమ్మీల దాకా 1400 కావాలి. మీ టాపు అంతకంటే తక్కువుంటే రెండు దారులున్నాయి. కమ్మీలు పెంచుకోవడం ఒకటి, పడుకోవడమే తప్ప కూర్చోవడం లేదని ఒప్పుకోవడం రెండోది. పడకను కిందికి దించి సొరుగు లోతు తగ్గించుకుంటే రెంటికీ చెడుతుంది.

ఏది ఎక్కడ

పడక కుడివైపు, క్యాబిన్ నుంచి 550 వదిలి మొదలై, వెనక డోరు దగ్గర ముగుస్తుంది: 1950 పొడవు, 800 వెడల్పు. ఎడమవైపు దాదాపు 870 వెడల్పు సందు, తొట్టి పొడవునా సరుకుకి ఖాళీ. కుడివైపు ఎందుకంటే, రోడ్డు పక్కన ఆపినప్పుడు ఎడమ పక్క డోరు దించి సరుకు ఎత్తుకోవాలి. పడక అటువైపు పెడితే ఆ డోరు ఉన్నా లేనట్టే.

ముందు మిగిలిన 550 గుంతలో బరువైనవి పెట్టాలి: నీళ్ళ క్యాన్లు, బ్యాటరీ, జాకీ. బరువు వెనక ఇరుసుకి ముందే పడాలి, కిందే ఉండాలి. వెనక డోరు దగ్గర బరువు పెరిగితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు తేలిపోతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ మలుపుల్లో ఇది వెంటనే తెలుస్తుంది. రాత్రి పూట అక్కడ అటవీశాఖ గేటు మూస్తుంది కాబట్టి, పడక అవసరమయ్యే దారి కూడా అదే. పడక బరువు, దాని కింద సామాను బరువు కుడివైపే పడతాయి. ఎడమ సందులో సరుకు లేకుండా ఖాళీగా తిరిగే రోజుల్లో బండి కుడికి ఒరిగినట్టు కనిపిస్తే ఒక నీళ్ళ క్యాను ఎడమకి జరపండి.

పడక కింద వెనక సగంలో సొరుగు. ముందు సగం పైనుంచి మూతలు తీసే పెట్టె. మొత్తం 1950 పొడవునా ఒకే సొరుగు పెట్టించేవాళ్ళున్నారు. అంత పొడుగు సొరుగు నిండా సామానుతో పూర్తిగా లాగితే బరువంతా గాల్లో వేలాడుతుంది, ఒక మనిషి నెట్టలేడు. రోజూ వాడేది వెనక, వారానికోసారి వాడేది ముందు, అంతే.

కొనాల్సినవి

ఫ్రేముకి 40×40×2 ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) స్క్వేర్ పైపు, ఆరు మీటర్ల పొడవులు మూడు. మీటరు దాదాపు 2.4 కేజీలు, మూడు పైపులకు 43 కేజీలు బిల్లు పడుతుంది, ఫ్రేములోకి వెళ్ళేది 32. మందం 3 ఉన్న పైపు తీసుకోమని షాపులో చెబుతారు. అక్కర్లేదు. 2 మందం పైపు, మూడు కాళ్ళ మధ్య 975 దూరంలో, 100 కేజీల మనిషి నడుమ కూర్చున్నా ఒకటిన్నర మి.మీ. కూడా వంగదు.

మొదటి పైపులో 1950 ముక్కలు మూడు. రెండో పైపులో 1950 ఒకటి, 720 ముక్కలు ఐదు. మూడో పైపులో 302 కాళ్ళు ఆరు. మూడో దాంట్లో నాలుగు మీటర్లు పైగా మిగులుతుంది, దాంతో ముందువైపు అడ్డం కట్టుకోవచ్చు. నేల మీద అడ్డంగా పోయేవాటికి పైపు వద్దు. 40×5 పట్టీ మూడు ముక్కలు, ఒక్కోటి 720. ఎందుకో సొరుగు దగ్గర తెలుస్తుంది.

ప్లైవుడ్ 8×4 షీట్లు రెండు: పైన చెక్కకి 18 మందంది ఒకటి, సొరుగుకీ ముందు పెట్టె అడుగుకీ 12 మందంది ఒకటి. షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూడండి, అది మెరైన్ ప్లైవుడ్. ఐఎస్ 303 ముద్రతో రెండు రకాలుంటాయి. అందులో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళకి తట్టుకునేది) అయితే టాపు గట్టిగా ఉన్న బండికి సరిపోతుంది, ఎంఆర్ (కాస్త తేమకే తట్టుకునేది) రకం ఇంట్లో బీరువాకి తప్ప తొట్టిలోకి పనికిరాదు. ఒక్క ఈశాన్య రుతుపవనం చాలు దాని పొరలు విచ్చుకోడానికి. నీళ్ళకి చెడదని పీవీసీ బోర్డు తెచ్చేవాళ్ళున్నారు. నెల్లూరు మే నెల ఎండలో మూసిన టాపు కింద అది మెత్తబడి, మనిషి బరువుకి నడుమ దిగిపోతుంది.

మిగతావి: 6201 బేరింగులు ఎనిమిది, రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవి. చీమకుర్తి గ్రానైటు రోడ్ల దుమ్ములో తెరిచి ఉన్న బేరింగు నెల నిలవదు. వాటికి 12 సైజు బోల్టులు 75 పొడవువి ఆరు, పొట్టివి రెండు. 25×25×3 యాంగిల్ రెండు మీటర్లు. నేలకి బిగించడానికి 10 సైజు, 8.8 గ్రేడు బోల్టులు నాలుగు, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులు కానివి). 75×75×5 ప్లేటు ముక్కలు నాలుగు. కాళ్ళ కింద వేయడానికి 6 మందం రబ్బరు షీటు కొంచెం. 50 వెడల్పు రాచెట్ బెల్టులు రెండు.

వెల్డింగ్

ఫ్రేము నేల మీదే, బండి బయటే కట్టాలి. తొట్టిలో పెట్టి వెల్డింగ్ చేస్తే త్వరగా అవుతుందని షెడ్డులో తొందరపెడతారు. కొత్త బండ్లలో ఈసీఎం (ఇంజనుని నడిపే కంప్యూటరు) ఉంటుంది, వెల్డింగ్ కరెంటు దాని దారి పడితే ఖర్చు ఫ్రేము కంటే ఎక్కువవుతుంది. తప్పనిసరై బండి మీద ఒక టాకా (చుక్క వెల్డింగ్) వేయాల్సొస్తే, ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ఎర్తు క్లాంపు వెల్డింగ్ పక్కనే పెట్టించండి.

పైచట్రం, కిందిచట్రం విడివిడిగా కట్టండి. పైచట్రంలో 1950 ముక్కలు రెండు, వాటి మధ్య 720 ముక్కలు ఐదు, దాదాపు 480 దూరంలో. కిందిచట్రంలో 1950 ముక్కలు రెండు, అడుగున పట్టీలు మూడు: రెండు చివర్లా ఒక్కోటి, నడుమ ఒకటి. తర్వాత ఆరు కాళ్ళు నిలబెట్టి రెండు చట్రాల్నీ కలపాలి. ముందు అన్ని మూలల్లోనూ టాకాలే వేయించి, మూలమట్టం పెట్టి, మూల నుంచి మూలకి కొలిచి, 2 కంటే తేడా లేకపోతేనే నిండు వెల్డింగ్ వేయనివ్వండి. ఒకే మూలలో వరసగా వెల్డింగ్ లాగితే వేడికి చట్రం అటు గుంజుకుంటుంది. ఎదురెదురు మూలలు మార్చి మార్చి వేయాలి. వంకర చట్రాన్ని సుత్తితో సరిచేయొచ్చంటారు. సొరుగు లేని చట్రమైతే సరే.

పైపు చివరలు మూయాలి, కానీ అడుగున 6 వ్యాసం రంధ్రం ఒకటి వదలాలి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో పైపు లోపల చేరిన తేమ బయటికి పోకపోతే తుప్పు లోపలినుంచే తింటుంది, పైన రంగు మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. వెల్డింగ్ పొట్టు గీకి, గ్రైండింగ్ చేసి, అదే రోజు ప్రైమరు వేయండి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొడి లేస్తుంది, దాని మీద వేసిన రంగు పెచ్చులూడుతుంది. తీరానికి దూరంగా కనిగిరి, పొదిలి వైపు తిరిగే బండికి రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ రెండు కోట్లు చాలు. సముద్రం దగ్గర, చెరువుల మీద తిరిగేదానికి ఎపాక్సీ ప్రైమరు పెట్టించండి. రొయ్యలు, చేపల నీళ్ళు కారే బండికి అది తప్పనిసరి.

సొరుగు

ఇంటి ఫర్నిచరుకి వాడే టెలిస్కోపిక్ చానళ్ళు ఇక్కడ పెట్టించొద్దు. మామూలు జత 45 కేజీల దాకా అంటారు, అది కదలని వంటింట్లో మాట. తొట్టి అదురుకి గుండ్లు గాడి తప్పుతాయి, దుమ్ము చేరితే సగంలో పట్టేస్తుంది. బేరింగుల మీద యాంగిల్ జారే పద్ధతి మొరటుగా ఉంటుంది గానీ నిలుస్తుంది.

సొరుగు పెట్టె 900 పొడవు, 660 వెడల్పు, 300 ఎత్తు, 12 ప్లైవుడ్. అడుగు 900×660, పక్కలు 900×300 రెండు, ముందూ వెనకా 636×300 రెండు. ఇవీ, ముందు పెట్టె అడుగు 900×700 కూడా ఒక్క షీటులోనే వస్తాయి. 636×300 ముక్కలు రెంటినీ షీటు వెడల్పు వైపు పొడుగ్గా తిప్పి గీయండి. అటు కాకుండా ఇటు గీస్తే కోత మందం కలిసి రెండు మి.మీ. చాలదు. పక్కలు అడుగు చెక్క మీద కూర్చోవాలి, అంచుకి తగిలించొద్దు. మరలు 35 పొడవువి, 120కి ఒకటి, వాటర్‌ప్రూఫ్ జిగురుతో కలిపి. తెల్ల ఫెవికాల్ మామూలు రకం తేమకి వదులుతుంది, మెరైన్ రకం అడిగి తీసుకోండి.

చట్రం లోపలి వెడల్పు 720, సొరుగు 660. రెండు పక్కలా 30 చొప్పున మిగులుతుంది. సొరుగు పక్కకి, దాని అడుగు నుంచి 32 ఎత్తులో, 25 యాంగిల్ బయటికి చాచి బిగించాలి. ఆ యాంగిల్ బేరింగుల మీద దొర్లుతుంది. కిందిచట్రం పైపుకి, దాని అడుగు నుంచి 25 ఎత్తులో రంధ్రం వేసి, పక్కకి మూడు బేరింగులు: వెనక డోరు అంచున ఒకటి, అక్కడినుంచి 300 లోపలికి ఒకటి, 800 దగ్గర ఒకటి. 6201 బేరింగు బయటి వ్యాసం 32, అంటే దాని పైభాగం నేల నుంచి 41 దగ్గర ఉంటుంది, సొరుగు అడుగు 9 దగ్గర తేలుతుంది. కింద అడ్డంగా 5 మందం పట్టీలే పెట్టమన్నది ఇందుకే. 40 పైపు పెట్టి ఉంటే సొరుగు లోపలికే పోదు.

నాలుగో బేరింగు లేకపోతే పని సగమే అయినట్టు. సొరుగును 550 లాగారనుకోండి, బరువంతా బయటికి వచ్చి లోపలి చివర పైకి లేస్తుంది. దాన్ని అణిచి పట్టడానికి యాంగిల్ పైన, వెనక అంచు నుంచి 350 లోపలికి, పక్కకొక బేరింగు ఉండాలి. అది కింది పైపు ఎత్తు దాటి పోతుంది, కాబట్టి పైపు మీద 40×5 పట్టీ ముక్క నిలువుగా వెల్డ్ చేసి దానికి బిగించాలి. యాంగిల్‌కీ ఈ బేరింగుకీ మధ్య 1 ఖాళీ చాలు. అంతకంటే ఎక్కువుంటే గతుకుల్లో సొరుగు టకటకలాడుతుంది.

ఈ బోల్టుల దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, 2 మందం పైపుని బోల్టుతో గట్టిగా బిగిస్తే పైపు లోపలికి నొక్కుకుపోతుంది, వారం తర్వాత బోల్టు వదులవుతుంది. రంధ్రంలో సరిగ్గా పైపు వెడల్పంత గొట్టం ముక్క దూర్చి, దాని గుండా బోల్టు వేయాలి. రెండు, బేరింగుకీ పైపుకీ మధ్య మామూలు 12 వాషరు వేస్తారు. దాని వెడల్పు 24, సీలుకి రాసుకుని బేరింగు తిరగదు. 18 వెడల్పు దాటని, 3 మందం ఉన్న చిన్న రింగు వేయించండి. వాషరు బేరింగు లోపలి రింగుకే తగలాలి.

సొరుగు తానంతట తాను తెరుచుకోకుండా రెండు వైపులా టవర్ బోల్టులు పెట్టండి, ఒకటి చాలదు. ఒకటే ఉంటే సొరుగు పక్కకి వాలి దాని మీదే బలం పడి మరలు ఊడతాయి. వెనక డోరే ఆపుతుందిలే అనుకోవద్దు, అదురుకి డోరు గొళ్ళెం మీద పడే దెబ్బలు తక్కువేం కాదు.

సొరుగు తలనొప్పి వద్దనుకుంటే టమోటా ట్రేలు దొరుకుతాయి: దాదాపు 540 పొడవు, 360 వెడల్పు, 290 ఎత్తు. పడక కింద 342 ఎత్తు ఉంది, హాయిగా దూరుతాయి. చిక్కల్లా వెడల్పుతో. పక్కపక్కన రెండు పెడితే 720, లోపలి వెడల్పూ 720, అంటే పట్టవు. అడ్డం ముక్కలు 740కి కోసి, పడక 820 చేయండి. ట్రే కొనేముందు అంచు నుంచి అంచుకి కొలవండి, కంపెనీకో సైజు ఉంటుంది. ట్రేలు ముందుకి జారకుండా నడిమి కాళ్ళ దగ్గర అడ్డం పట్టీ, వెనక రాచెట్ బెల్టు.

పైన చెక్క

18 షీటులో వెనక ముక్క 970×800, ముందు మూతలు 487×800 రెండు. ముక్కల మధ్య 3 వదలండి, వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. మూతల అతుకు సరిగ్గా అడ్డం పైపు మీద పడాలి. గీసేముందు ఫ్రేము మీద షీటు పెట్టి కింద నుంచి పెన్సిల్ గీత లాగండి, డ్రాయింగు మీద నమ్మకం పెట్టుకోవద్దు. మూతకి కబ్జాలు పెడితే పరుపుకి గుచ్చుకుంటాయి, వేలు పట్టే 30 రంధ్రం ఒకటి చాలు, మూతను ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు.

చెక్కకి నీళ్ళు పైనుంచి కాదు, కోసిన అంచుల నుంచి దిగుతాయి. కోసిన ప్రతి అంచుకీ, వేసిన ప్రతి రంధ్రం లోపలా పీయూ (పాలీయూరిథేన్) కోటింగ్ రెండు మార్లు పట్టించండి. ముఖానికి ఒక కోటే వేసినా పర్వాలేదు.

పరుపు కింద గాలి ఆడాలి. ఒంటి చెమట, రాత్రి మంచు పరుపులోంచి దిగి చెక్క మీద ఆగుతాయి, పది రోజుల్లో నల్లటి బూజు. చెక్కకి 150కి ఒకటి చొప్పున 20 వ్యాసం రంధ్రాలు వేయండి. పరుపు 75 మందం, 40 డెన్సిటీ ఫోము, మూడు ముక్కలుగా మడిచేలా కుట్టించండి. అప్పుడే ముందు మూతలు తీయడం కుదురుతుంది. కొబ్బరిపీచు పరుపు తడిస్తే ఆరదు.

ఎండాకాలమే ఎక్కువ తిరిగేవాళ్ళకి చెక్క కంటే నవారు సుఖం. పైచట్రానికి చెక్క బదులు నైలాన్ నవారు అల్లిస్తే కిందనుంచి గాలి తగులుతుంది. నవారు లాగుడుకి పొడుగు పైపులు లోపలికి వంగకుండా అడ్డం పైపులు అలాగే ఉంచాలి, కానీ వీపుకి తగలకుండా వాటిని 120 కిందికి దించాలి. అంటే కింద ఎత్తు 220కి పడిపోతుంది, సొరుగు 180 లోతుకి పరిమితం. ట్రేలు పట్టవు.

ఇద్దరు పడుకోవాలంటే ఎడమ సందు మీద 25×25 పైపులు నాలుగు అడ్డంగా వేసి, మిగిలిన 18 చెక్క పరవొచ్చు. వాటి ఎడమ చివరలు పక్క డోరు మీద ఆనకూడదు, దానికి గొళ్ళెం తప్ప బలం లేదు. విడిగా కాళ్ళు పెట్టాలి.

తొట్టిలో బిగించడం

ఫ్రేముని రబ్బరు ముక్కల మీద నిలబెట్టి, కింద వంగి చూడండి. నేల రేకు కింద అడ్డంగా పోయే ఛానళ్ళు ఉంటాయి, వాటి పక్కనే రంధ్రాలు పడాలి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగు ఎక్కడున్నాయో కంటితో చూసి సుద్దతో గుర్తు పెట్టాకే డ్రిల్లు పట్టాలి. ఛాసిస్ పట్టీ మీద ఒక్క రంధ్రం కూడా వద్దు. నాలుగు మూలల్లో 10 సైజు బోల్టు ఒక్కోటి పైనుంచి వేసి, కింద 75 ప్లేటు, ఆపైన నైలాక్ నట్టు. ప్లేటు లేకుండా వాషరుతో సరిపెడితే పలుచటి రేకు చిరిగి బోల్టు ఊడి వస్తుంది. రంధ్రం అంచులకు జింక్ పెయింటు, చుట్టూ పీయూ సీలెంటు. వారం తిరిగాక నట్లు మళ్ళీ బిగించండి, రబ్బరు కాస్త కూర్చుంటుంది.

నేలంతా పరిచే రబ్బరు మ్యాటు చూడ్డానికి బాగుంటుంది, దాని కింద నీళ్ళు నిలిచి తొట్టి తుప్పు పడుతుంది. కాళ్ళ కింద ముక్కలే వేయండి. మ్యాటు కావాలంటే నెలకోసారి ఎత్తి ఆరబెట్టే ఓపిక ఉండాలి.

ఎడమ సందులో సరుకు కట్టడానికి ఫ్రేము కాళ్ళకే రింగులు వెల్డ్ చేయించొచ్చు. పక్క డోరు కొక్కేలకు మాత్రమే కడితే బలమంతా ఒకవైపే పడుతుంది.

రాత్రి

ఫ్యానుకీ లైటుకీ బండి బ్యాటరీ నుంచి తీసుకోవచ్చా అంటే, 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటిన్నర ఆంపియర్లు తింటుంది, ఎనిమిది గంటలకు 12 ఆంపియర్ అవర్లు. కొత్త బ్యాటరీ తట్టుకుంటుంది, పాతదైతే తెల్లారి సెల్ఫ్ తిరగదు. ముందు గుంతలో విడి బ్యాటరీ పెట్టుకోవడం మేలు. ఎక్కడినుంచి తీసుకున్నా బ్యాటరీ టెర్మినల్‌కి జానెడు లోపల 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, వైరు 2.5 చదరపు మి.మీ., రేకులోంచి దూరే చోట రబ్బరు గ్రోమెట్. రేకు అంచుకి ఒరుసుకున్న వైరు తొట్టిలో నిప్పు పుట్టించగలదు.

గాలికి రెండు కిటికీలు ఎదురెదురుగా కావాలి, ఒకటి కింద, ఒకటి పైన. దోమతెర వెల్‌క్రోతో. టార్పాలిన్ ఒక్క పొర అయితే పగలు తాగిన వేడి అర్ధరాత్రి దాకా కక్కుతుంది. కమ్మీల మీద 50 ఎడంతో రెండో పొర కడితే మధ్యలో గాలి ఆడి తేడా తెలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఈశాన్యం నుంచి కొడుతుంది, బండి ముక్కు అటు పెట్టి ఆపితే వెనక తెర నుంచి జల్లు రాదు.

ఏసీ కోసమో, ఫోను చార్జింగు కోసమో ఇంజను ఆడిస్తూ పడుకోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, మెలకువ రాదు. మూసిన తొట్టిలో దోమల చుట్ట, గ్యాసు పొయ్యి కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: వెనక డోరు గొళ్ళేలు బయటే ఉంటాయి. ఎవరైనా బయటినుంచి వేసేస్తే లోపల మనిషి చిక్కుకుపోతాడు. తల దగ్గర తెర లోపలినుంచి విప్పేలా ఉండాలి, ముడి వేసిన తాడు కాదు, లాగితే ఊడే బకిల్. చిన్న మంటలార్పే సిలిండరు కూడా చేతికందేచోటే, సరుకు వెనక కాదు.

ఆపే చోటు హైవే అంచు మీద కాకూడదు. రాత్రంతా తెరిచి ఉండే పెట్రోలు బంకు, లారీలు ఆగే బే చూసుకోండి. వెనక డోరు దించి ఉంచితే నంబరు ప్లేటు, రేడియం టేపు, కొన్ని బండ్లలో వెనక లైట్లు కూడా కనిపించవు. బయల్దేరేముందు డోరు ఎత్తి, టవర్ బోల్టులు రెండూ పడ్డాయో లేదో చేత్తో లాగి చూడండి.